బ్రేడీ బంతుల్లో గాలి తీసింది చలా, చెయ్యా?

ప్రశ్న: బోస్టన్ కొత్తకాపు

నేను మసాచుసెట్స్‌కు వచ్చి రెండేళ్లయింది. సోమవారం ఉదయం ఆఫీసులో కాఫీ దగ్గర మరో మాట వినబడదు కనుక, క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నేను కూడా అమెరికన్ ఫుట్‌బాల్ నేర్చుకోక తప్పలేదు. ఆట కొంత పట్టుబడింది కానీ ఒక పాత గొడవ మాత్రం ఇంకా కొరుకుడు పడటం లేదు. 2015 జనవరి 18న ఫాక్స్‌బరోలోని జిలెట్ స్టేడియంలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్, ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్ల మధ్య జరిగిన ఏఎఫ్‌సీ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫైనల్‌లో, పేట్రియట్స్ తమ బంతుల్లో కావాలనే గాలి తగ్గించారన్న ఆరోపణ, దాని చుట్టూ అల్లుకున్న డిఫ్లేట్‌గేట్ రభస సంగతి అది. మా టీమ్‌లో పుట్టి పెరిగిన బోస్టన్ మనిషి ఒకాయన ఆ పేరెత్తితే చాలు, కప్పు బల్ల మీద పెట్టేసి వాదనకు దిగుతారు. న్యూజెర్సీ నుంచి వచ్చిన మరొకాయన ‘మోసగాళ్లు’ అన్న ఒక్క మాటతో తేల్చేసి వెళ్లిపోతారు. ఇద్దరిలో ఎవరూ అసలు ఏం జరిగిందో నాకు వివరంగా చెప్పలేదు.

నాకున్న సందేహాలు ఇవి. పేట్రియట్స్ ఆ మ్యాచ్‌ను 45-7 తేడాతో గెలిచారు. హాఫ్‌టైమ్‌కు 17-7 ఉండగా, బంతుల్లో మళ్లీ సరిపడా గాలి నింపిన తరువాతే మిగిలిన 28 పాయింట్లూ సాధించారు. మరి మెత్తటి బంతి వల్ల వారికి ఒరిగిందేమిటి? క్రికెట్‌లో బంతి అంపైరు అధీనంలో ఉంటుంది కదా, ఇక్కడ జట్టు మనుషుల చేతుల్లోకి ఎలా వెళ్లింది? అన్నిటికంటే ముఖ్యంగా, నేరం రుజువైందా, లేక శిక్ష మాత్రమే ఖాయమైందా? అభిమానంతో కాకుండా వివరాలతో చెప్పగలిగినవారు చెబితే సంతోషిస్తాను.

సమాధానం: ఫిజిక్స్ పంతులు

బంతులు ఎవరివన్న మీ ప్రశ్నతోనే మొదలుపెడతాను, మిగతా పేచీ అంతా అక్కడి నుంచే పుట్టింది కాబట్టి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2006 నుంచి ఏ జట్టు దాడికి దిగితే ఆ జట్టు తన సొంత బంతులనే వాడుకుంటోంది. ఆ వెసులుబాటు కోసం లీగ్‌ను ఒప్పించిన క్వార్టర్‌బ్యాక్‌లలో (దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాళ్లలో) పేట్రియట్స్ ఆటగాడు టామ్ బ్రేడీ, పేటన్ మానింగ్ ముందు వరుసలో ఉన్నారు. కొత్త తోలు బంతి చేతిలో జారుతుంది కనుక, జట్టు సిబ్బంది దాన్ని బ్రష్షుతో రుద్ది, మెత్తబరచి, తమ క్వార్టర్‌బ్యాక్ చేతికి ఇంపుగా ఉండేలా తయారు చేస్తారు. అందులో తప్పేమీ లేదు. గాలి ఒత్తిడి మాత్రం చదరపు అంగుళానికి 12.5 నుంచి 13.5 పౌండ్ల మధ్య ఉండాలన్నది నియమం. మ్యాచ్‌కు ముందు రిఫరీ గేజి పెట్టి చూసేవారు, కానీ ఆ అంకెలను ఎక్కడా రాసిపెట్టేవారు కాదు, ఆపైన బంతుల సంచులను మైదానంలోకి మోసుకెళ్లేది జట్టు తరఫు మనుషులే.

బ్రేడీకి మెత్తటి బంతి ఇష్టం. అందువల్ల పేట్రియట్స్ బంతులను సరిగ్గా కింది గీత మీద, అంటే 12.5 దగ్గర ఉంచారు. కోల్ట్స్ బంతులు 13 దగ్గర ఉన్నాయి. రెండో క్వార్టర్‌లో బ్రేడీ విసిరిన బంతిని కోల్ట్స్ ఆటగాడు డీక్వెల్ జాక్సన్ అడ్డగించి పట్టుకున్నాడు. ఆ బంతి కోల్ట్స్ సిబ్బంది చేతికి వెళ్లింది, వారు గాలి కొలిచి చూసుకున్నారు, విషయం లీగ్ అధికారుల దాకా పోయింది. హాఫ్‌టైమ్‌లో ఇద్దరు అధికారులు రెండు వేర్వేరు గేజీలతో పేట్రియట్స్ బంతులు పదకొండింటిని కొలిచారు. ఒక గేజి మీద సగటు 11.49 వచ్చింది, రెండో గేజి మీద 11.11 వచ్చింది. ఒకే బంతికి రెండు గేజీలూ 0.3 నుంచి 0.4 పౌండ్ల తేడా చూపిస్తున్నాయన్నమాట. సమయం మించిపోవడంతో కోల్ట్స్ బంతులను నాలుగింటినే కొలవగలిగారు.

ఇక లెక్క చూడండి. గేజి చూపేది బయటి వాతావరణం కంటే లోపల ఎంత ఎక్కువ ఒత్తిడి ఉందో అంత మాత్రమే, కనుక వాతావరణ పీడనం 14.7ను కలుపుకుంటే లోపల నిజంగా ఉన్నది 27.2. అధికారుల గదిలో దాదాపు 22 డిగ్రీల సెల్సియస్, బయట వానలో దాదాపు 9 డిగ్రీలు. పరమ ఉష్ణోగ్రతల్లో 295, 282. ఆ నిష్పత్తిలో తగ్గిస్తే 27.2 కాస్తా 26 అవుతుంది, అందులోంచి 14.7 తీసేస్తే మిగిలేది 11.3. లీగ్ తరఫున పనిచేసిన నిపుణులు కూడా ఎవరి చెయ్యీ తగలకపోయినా 11.32 నుంచి 11.52 మధ్య ఉంటుందనే తేల్చారు. అంటే 12.5తో మొదలైన బంతి ఆ సాయంత్రం మైదానంలో అడుగుపెట్టిన కాసేపటికే నియమాన్ని అతిక్రమించి తీరుతుంది.

ఆ రెండింటిలో మ్యాచ్‌కు ముందు వాడిన గేజి ఏదన్నదే మొత్తం వ్యవహారానికి కీలకం. రిఫరీ వాల్ట్ ఆండర్సన్ తన జ్ఞాపకం మేరకు విల్సన్ ముద్ర ఉన్న గేజి వాడానన్నారు. అదే నిజమైతే హాఫ్‌టైమ్‌లో ఆ గేజి చూపిన 11.49 చలి లెక్కలో చక్కగా ఇమిడిపోతుంది. దర్యాప్తు నివేదిక మాత్రం ఆ ఒక్క విషయంలో ఆయన జ్ఞాపకాన్ని పక్కన పెట్టి, ముద్ర లేని గేజే వాడి ఉంటారని నిర్ణయించింది. రెండు జట్లూ తమ గేజీలతో పెట్టుకున్న అంకెలు దానితోనే సరిపోతున్నాయన్నది వారి వాదన. అప్పుడు 11.11 అన్నది చలి లెక్కకు కింద పడుతుంది, మనిషి చెయ్యి కావలసి వస్తుంది. కోల్ట్స్ బంతులు అంతగా తగ్గలేదు కదా అని అడుగుతారేమో. వాటిని చివరగా కొలిచారు, అప్పటికి అవి గది వెచ్చదనంలో కొంతసేపు ఉన్నాయి. ఏ బంతిని ఎన్నో నిమిషంలో కొలిచారో గడియారం చూసి రాసుకున్నవారు ఒక్కరూ లేరు.

నేను కిందటి చలికాలం ఇంట్లోనే చేసి చూశాను. బంతిలో 12.5 దాకా గాలి కొట్టి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఇరికించి, రెండు గంటల తరువాత సూదిని తడిపి గుచ్చితే ముల్లు 11 కంటే కాస్త కిందే ఆగింది. వంటింటి బల్ల మీద పెట్టిన పది నిమిషాల్లో మళ్లీ అర పౌండుకు పైగా పైకి పాకింది. సూది గుచ్చి తీసిన ప్రతిసారీ ‘స్’ మంటూ ఇంత గాలి పోతుంది, అది కూడా లెక్కలోకి రావలసిందే. అటువంటి కొలతల మీద ఒక మనిషి పరువును నిలబెట్టడమో పడగొట్టడమో చేయడానికి నాకైతే మనసొప్పదు.

సమాధానం: ఇండియానా వాసి

పంతులు గారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ఆ లెక్క, బంతుల సంచులతో మరుగుదొడ్డిలోకి వెళ్లి తలుపు గడియ వేసుకున్న మనిషి గురించి ఏమీ చెప్పదు.

ఆ సాయంత్రం అధికారుల గదిని చూసుకునే పేట్రియట్స్ ఉద్యోగి ఒకరు, రిఫరీ అనుమతి లేకుండానే రెండు జట్ల బంతుల సంచులనూ ఎత్తుకుని మైదానం వైపు బయలుదేరారు. దారిలో ఒక మరుగుదొడ్డిలోకి వాటితో సహా వెళ్లి, ఒక నిమిషం 40 సెకన్ల తరువాత బయటకు వచ్చారు. ఇది కెమెరాలో నమోదైంది. సంచులు కనబడక రిఫరీ గాభరా పడ్డారు. సూది గుచ్చి పదమూడు బంతుల్లో తలా కొంత గాలి వదలడానికి ఆ వ్యవధి చాలునని నిపుణులు చేసి చూపించారు. అదే ఉద్యోగి 2014 మేలో బంతులు తయారు చేసే సహచరుడికి పంపిన సందేశంలో తనను తాను ‘గాలి తీసేవాడు’ అని చెప్పుకున్నారు. బరువు తగ్గడాన్ని ఉద్దేశించి అలా అన్నారని జట్టు తరఫు న్యాయవాదులు ఇచ్చిన వివరణ చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు నవ్వు ఆగలేదు.

బ్రేడీ సంగతి కూడా అంతే. అంతకు ముందు ఆరు నెలల పాటు ఆ బంతుల సహాయకుడితో ఫోనులో మాట్లాడని ఆయన, వార్త పొక్కిన రోజు నుంచే పదేపదే ఫోను చేశారు. లీగ్ ఆఖరి పోరు సూపర్ బౌల్ కోసం బంతులు సిద్ధం చేయించుకునే పనిమీద మాట్లాడానన్నారు, సరే. కానీ దర్యాప్తు అధికారులు ఆయనను ప్రశ్నించిన 2015 మార్చి 6 నాటికే, లేదా ఆ ముందు రోజుల్లోనే, ఆయన పాత ఫోను ధ్వంసమైపోయింది. నాలుగు నెలల్లో దాదాపు పదివేల సందేశాలు అందులో ఉన్నాయి. కొత్త ఫోను కొన్నప్పుడల్లా పాతది నాశనం చేయించడం తనకు అలవాటన్నారు. అలవాటే కావచ్చు, కానీ సరిగ్గా ఆ వారమే అలవాటు గుర్తుకు రావాలా?

ఇదే జట్టు 2007లో ప్రత్యర్థి కోచ్‌ల సైగలను మైదానం పక్కనుంచి వీడియో తీస్తూ పట్టుబడింది. అప్పుడు కోచ్ బిల్ బెలిచిక్‌కు 5 లక్షల డాలర్లు, జట్టుకు 2.5 లక్షల డాలర్ల జరిమానా పడటమే కాకుండా మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపిక (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతు) కూడా పోయింది. పాత చరిత్ర రుజువు కాదని నాకూ తెలుసు. అయినా మా ఊళ్లో అనుమానం ఎందుకంత తొందరగా రాజుకుందో అర్థం కావాలంటే ఆ సంగతి తెలియాలి. మేము 45-7తో ఓడిపోయింది గాలి వల్ల అని నేను అనను. ఆ రోజు ఇటుకరాయితో ఆడినా వాళ్లే గెలిచేవారు. లాభం దక్కకపోయినంత మాత్రాన చేసిన ప్రయత్నం తప్పు కాకుండా పోతుందా అన్నదే నా ప్రశ్న.

సమాధానం: కోర్టు పక్షి

మీ మూడో సందేహానికి సూటిగా చెబుతాను: శిక్ష ఖాయమైంది, నేరం మాత్రం ఏ న్యాయస్థానం ముందూ రుజువు కాలేదు, అసలు అక్కడ ఆ విచారణే జరగలేదు.

లీగ్ నియమించిన న్యాయవాది టెడ్ వెల్స్ 243 పుటల నివేదికను 2015 మే 6న విడుదల చేశారు. సిబ్బంది కావాలనే గాలి తీసి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనీ, బ్రేడీకి ఆ సంగతి కనీసం స్థూలంగానైనా తెలిసి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనీ అందులో తేల్చారు. ఆ రెండు ‘ఎక్కువ అవకాశం’ల మీదనే మే 11న శిక్ష పడింది. బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం విధించారు. జట్టుకు 10 లక్షల డాలర్ల జరిమానాతో పాటు 2016 మొదటి రౌండ్, 2017 నాలుగో రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికల నష్టం కలిగింది. బంతిని మార్చినందుకు లీగ్ మార్గదర్శకాల్లో ప్రస్తావించిన జరిమానా 25 వేల డాలర్లు. బ్రేడీ అప్పీలు చేసుకుంటే దాన్ని విన్నది కూడా శిక్ష వేసిన కమిషనర్ రోజర్ గూడెలే. వేసినవాడే వినడం మనకు వింతగా తోచినా, 2011లో ఆటగాళ్ల సంఘం సంతకం చేసిన ఒప్పందంలో ఆ అధికారం ఆయనకు ఉంది. జూలై 28న శిక్షను ఖాయం చేస్తూ ఆయన ప్రధానంగా ఎత్తి చూపింది ఆ ధ్వంసమైన ఫోనునే.

సెప్టెంబర్ 3న న్యూయార్క్ ఫెడరల్ న్యాయమూర్తి రిచర్డ్ బెర్మన్ ఆ నిషేధాన్ని కొట్టేశారు. ఆ రోజు బోస్టన్‌లో నిర్దోషి అని తేలిందన్నట్టు సంబరాలు చేసుకున్నారు, కానీ తీర్పులో ఉన్నది అది కాదు. ఇటువంటి పనికి ఇంత శిక్ష పడవచ్చని ఆటగాడికి ముందుగా తెలియజేయలేదనీ, దర్యాప్తు పత్రాలు చూడనివ్వలేదనీ, లీగ్ న్యాయవాది ఒకరిని ప్రశ్నించనివ్వలేదనీ మాత్రమే ఆయన అన్నారు. 2016 ఏప్రిల్ 25న పై కోర్టు 2-1 మెజారిటీతో నిషేధాన్ని తిరిగి విధించినప్పుడు కూడా ‘బ్రేడీ చేశాడు’ అనలేదు. ఒప్పందం కమిషనర్‌కు విస్తృత అధికారం ఇచ్చింది, ఆయన దాని పరిధి దాటలేదు, అంతే అంది. భిన్నాభిప్రాయం రాసింది ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ కాట్జ్‌మన్. చేతులకు జిగురు పూసుకునే తప్పుతో పోల్చి చూడవలసిన దీన్ని కమిషనర్ ఉత్ప్రేరకాల వాడకంతో పోల్చడం ఆయనకు రుచించలేదు. జూలై 15న బ్రేడీ ఇక పోరాడనని ప్రకటించారు. ఆ సీజన్ మొదటి నాలుగు మ్యాచ్‌లు ఆయన లేకుండానే ఆడిన పేట్రియట్స్ మూడు గెలిచారు. ఆ సీజన్ చివర 2017 ఫిబ్రవరి 5న అట్లాంటా ఫాల్కన్స్ మీద 28-3 వెనుకబాటు నుంచి లేచి 34-28తో సూపర్ బౌల్ గెలిచిన సంగతి మీ బోస్టన్ మిత్రుడు ఇప్పటికే వందసార్లు చెప్పి ఉంటారు.

ఒక చేదు వివరం కూడా చేర్చాలి. మ్యాచ్ అయిన రెండు రోజులకే, పన్నెండింటిలో పదకొండు బంతులు రెండేసి పౌండ్లు తక్కువగా ఉన్నాయన్న వార్త దేశమంతా పాకింది. వాస్తవానికి రెండు పౌండ్ల లోటు కనిపించిన బంతి ఒక్కటే, అదీ ఒక గేజి మీద మాత్రమే. అసలు అంకెలు చేతిలో ఉన్న లీగ్ మే నెలలో నివేదిక వచ్చేదాకా ఆ తప్పును బహిరంగంగా దిద్దలేదు. జనం మనసులో తీర్పు అప్పటికే పడిపోయింది, తరువాత వచ్చిన అంకెలను ఎవరూ తీరిగ్గా చదవలేదు.

సమాధానం: ఉప్పల్ గ్యాలరీ

క్రికెట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, హైదరాబాద్ వాళ్లకు నేరుగా తగిలిన ఒక సంగతి చెబుతాను. 2018 మార్చి 24న కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు కామెరాన్ బాన్‌క్రాఫ్ట్ గరుకు కాగితంతో బంతిని రుద్దుతూ కెమెరాకు చిక్కాడు. అంపైర్లు బంతిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు, దాని స్థితి మారలేదని భావించి ఐదు పరుగుల పెనాల్టీ కూడా వేయకుండా అదే బంతితో ఆట కొనసాగించారు. సాయంత్రానికి ఆటగాళ్లే ఒప్పుకున్నారు. ఐసీసీ కెప్టెన్ స్టీవ్ స్మిత్‌కు వేసింది ఒక్క టెస్టు నిషేధం, సొంత బోర్డు మాత్రం స్మిత్‌నూ, డేవిడ్ వార్నర్‌నూ ఏడాది పాటు పక్కన పెట్టింది. వార్నర్ సన్‌రైజర్స్ కెప్టెన్సీ వదులుకున్నారు, ఆ ఏడాది ఐపీఎల్ ఆడనేలేదు. 2019లో తిరిగి వచ్చి మన ఆరెంజ్ జెర్సీలోనే 692 పరుగులు చేశారు.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కేప్‌టౌన్‌లో బంతి మీద ఏ మార్పూ కనబడలేదు, కానీ మనిషి ఒప్పుకున్నాడు. ఫాక్స్‌బరోలో బంతిలో మార్పు కనబడింది, కానీ మనిషి ఒప్పుకోలేదు. మొదటి దాంట్లో కొలత అవసరమే రాలేదు, రెండో దాంట్లో కొలతే సర్వస్వం, ఆ కొలతేమో పంతులు గారు చెప్పినట్టు ఏడ్చింది. అందుకే వార్నర్ సంగతి ఏడాదిలో ముగిసిపోయింది, బ్రేడీ సంగతి ఇంకా కాఫీ దగ్గర నలుగుతోంది.

ఇంకొక మాట. ఈ ఆటలో బంతులతో చేసే చిల్లర పనులకు లోటు లేదు. బ్రేడీ వ్యవహారానికి రెండు నెలల ముందే, 2014 నవంబరులో మినెసోటా, కరోలినా జట్ల మ్యాచ్‌లో గడ్డకట్టే చలిలో బంతులను హీటరు దగ్గర వెచ్చబెడుతున్న సిబ్బంది కెమెరాలో కనిపించారు. రెండు జట్లకూ హెచ్చరికతో సరిపెట్టారు. 2003 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌కు ముందు బంతులను తన చేతికి అనువుగా రుద్దించడానికి 7,500 డాలర్లు ఇచ్చానని, టాంపా బే తరఫున ఆ మ్యాచ్ గెలిచిన క్వార్టర్‌బ్యాక్ బ్రాడ్ జాన్సన్ తరువాతి కాలంలో స్వయంగా చెప్పుకున్నారు. ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. ఇండియానా వాసి గారి అనుమానాలన్నీ ఒప్పుకున్నా, వెచ్చబెడితే మందలింపు, చల్లబడితే నాలుగు మ్యాచ్‌ల నిషేధం అన్న తూకం నాకు మింగుడు పడదు.

సమాధానం: ఇండియానా వాసి

ఉప్పల్ గ్యాలరీ గారూ, తూకం విషయంలో మీతో ఏకీభవిస్తాను. హీటరు వాళ్లు నలుగురి ముందు చేశారు, వీరు గడియ పెట్టుకుని లోపల ఏం చేశారో మనకు కనబడలేదు, అంత మాత్రానికి 10 లక్షల డాలర్లూ మొదటి రౌండ్ ఎంపికా పోవడం ఎక్కువే. శిక్ష ఎక్కువైంది కాబట్టి తప్పే జరగలేదు అనేవారితోనే నా వాదన. ఆ 100 సెకన్లు మూత్ర విసర్జనకే అయితే, బంతుల సంచులను లోపలికి ఎందుకు తీసుకెళ్లారు?

సమాధానం: ఫిజిక్స్ పంతులు

బయట వదిలేస్తే ఎవరో తాకారని మరో గొడవ వచ్చేది కాబోలు. పరిహాసానికి అన్నాను. ఆ 100 సెకన్లకు నా దగ్గరా సమాధానం లేదని ఒప్పుకుంటాను.

అయితే అంతకు మూడు నెలల ముందు జరిగినది కూడా చెప్పాలి. 2014 అక్టోబరులో న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్ ముగిశాక, బంతులు మరీ గట్టిగా ఉన్నాయని బ్రేడీ మండిపడ్డారు. సిబ్బంది మర్నాడు కొలిస్తే కొన్ని 16 పౌండ్ల దగ్గర ఉన్నాయి. అధికారులే అంత గాలి కొట్టారని ఆ సిబ్బంది ఒకరికొకరు పంపుకున్న సందేశాల్లో రాసుకున్నారు, అవి కూడా అదే 243 పుటల్లో ఉన్నాయి. పై గీతను రెండున్నర పౌండ్లు దాటిన ఆ బంతులకు ఏ దర్యాప్తూ జరగలేదు. కింది గీతకు ఒక పౌండు తగ్గితే దేశం దద్దరిల్లింది. నియమం పుస్తకంలో ఉంది కానీ, ఈ గొడవ దాకా దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

2015 సీజన్ నుంచి లీగ్ బంతులకు వరుస సంఖ్యలు వేయించింది, మ్యాచ్‌కు ముందు అంకెలను నమోదు చేయించింది, కొన్ని మ్యాచ్‌లలో హాఫ్‌టైమ్‌లో కూడా కొలిపించింది. డిసెంబరు చలిలో ఉత్తరాది స్టేడియాల్లో ఎవరి చెయ్యీ తగలని బంతులు ఎంత తగ్గాయో ఆ కాగితాల్లో ఉండాలి. అవి బయటపడితే మన వాదన అరగంటలో తేలిపోయేది. లీగ్ వాటిని ప్రచురించలేదు.

బోస్టన్ కొత్తకాపు

అందరికీ కృతజ్ఞతలు. గెలుపోటముల సంగతి వదిలేసి కొలతల సంగతి అడగాలని ఇప్పుడు అర్థమైంది. ఈ సోమవారం ఒక బంతీ, ఒక గేజీ కొనుక్కెళ్లి, ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టి మా వాళ్ల ముందే ఈ పరీక్ష చేయాలనుకుంటున్నాను. ఏ గేజి మంచిదో చెప్పగలరా?

ఫిజిక్స్ పంతులు

ఒకటి కాదు, రెండు కొనండి. ఒకే బంతికి రెండూ గుచ్చి, మీ బోస్టన్ మిత్రుడికి ఒక అంకె, న్యూజెర్సీ మిత్రుడికి మరో అంకె చూపించండి. ఫ్రిజ్‌లో ఎవరి డబ్బా పక్కన పెడుతున్నారో ముందే అడిగి పెట్టండి.